పిల్లలతో విహారయాత్ర – అర్ధశక్తి నియమం

కార్తీక మాసం సమీపించగానే మా వైద్యశాలకు వచ్చే గృహస్థులు నాడి చూపించుకొన్న తరువాత మరొక ప్రశ్న వేయడం పరిపాటి. “పిల్లలను తీసుకొని హంసలదీవి వెళుతున్నామండీ. దారిలో అవసరపడవచ్చు, నాలుగు మందులు ఇవ్వండి” అంటారు. బందరు వారైతే మంగినపూడి సముద్రతీరం అంటారు. గుడివాడ వారు కొల్లేటి పక్షులను చూపించడానికి ఆటపాక వెళుతున్నామంటారు. దివిసీమ వారు నాగాయలంకలో పిల్లలను పడవ ఎక్కిస్తామంటారు.

ఇది ఎంతో సంతోషించవలసిన విషయం. ఏడాది పొడవునా పుస్తకాల సంచి మోసి, ఇంటికి రాగానే సెల్‌ఫోను ముందు కూర్చునే పిల్లలకు నేల మీద నడక, గాలి, వెలుతురు, నీటి దర్శనం ఔషధాలతో సమానం. 5 నుంచి 17 ఏళ్ళ వయసు పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శరీర చలనం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతున్నది. కనుక అడిగినవారికి నేను మందులు తప్పక ఇస్తాను. అయితే వాటికంటె ముందు ఒక మాట చెబుతాను: “బిడ్డ అలసిపోయిన తరువాత కాదు, అలసిపోకముందే వెనుకకు తిరగండి.”

ఈ మాట విని, ఇంతేనా అన్నట్లు చూసేవారు కొందరున్నారు. ఈ చిన్న మాటను ఒకనాడు నేనే మరచి ఎంత దుఃఖానికి చేరువగా వెళ్ళానో ఈ వ్యాసంలో తరువాత చెబుతాను. ముందుగా శాస్త్రం చెప్పిన దానిని తెలుసుకుందాము.

అర్ధశక్తి అనగా ఏమి?

వ్యాయామాన్ని తన బలంలో సగం వరకే చేయాలని వాగ్భటాచార్యుడు అష్టాంగ హృదయంలో విధించాడు. అదైనా బలవంతులకు, స్నిగ్ధమైన ఆహారం తినేవారికి, శీతకాలంలోను వసంతంలోను మాత్రమే. తక్కిన కాలాలలో అంతకంటె తక్కువ చేయాలి. సగం బలం ఖర్చయిందని ఎలా తెలుస్తుంది? నుదుట, ముక్కు మీద, చంకలలో, కీళ్ళ వద్ద చెమట పోస్తుంది. నోరు ఎండుతుంది. ముక్కుతో సాగుతున్న శ్వాస నోటికి వస్తుంది. ఈ గుర్తులు కనబడిన చోట ఆగిపోవాలి. దాటినచో దప్పిక, ఆయాసం, దగ్గు, జ్వరం, వాంతి మొదలైన ఉపద్రవాలు కలుగుతాయని ఆచార్యులు హెచ్చరించారు.

అదే ప్రకరణంలో బాలురు, వృద్ధులు, అజీర్ణంతో ఉన్నవారు, వాతపిత్త రోగులు వ్యాయామం మానాలని కూడా ఉన్నది. దీనిని చదివి, పిల్లలను ఇంట్లో కూర్చోబెట్టమని శాస్త్రం చెప్పిందని పొరబడరాదు. మా గురువుగారు దీనికి ఇలా అర్థం చెప్పేవారు: “బిడ్డ తన ఇష్టంతో చేసేది క్రీడ. మనం మన ఇష్టంతో వాడిచేత చేయించేది శ్రమ. వాగ్భటుడు మానమన్నది రెండవదానిని.” ఆడుకునే బిడ్డ అలసట రాగానే తనంతట తాను కూలబడతాడు. పెద్దలు వెంట నడిపిస్తున్న బిడ్డకు ఆ స్వేచ్ఛ లేదు. విహారయాత్రలో వచ్చే ఇబ్బందులలో చాలా వాటికి ఇక్కడే బీజం పడుతుంది.

నా గురుకుల విద్య కూచిపూడికి చేరువలోని ఒక గ్రామంలో సాగింది. ఓషధులను గుర్తుపట్టడం నేర్పడానికి గురువుగారు మమ్మల్ని కాలువగట్ల వెంట నడిపించేవారు. గుంటగలగర, ఉత్తరేణి, తుంగ, సరస్వతి ఆకు, కంచెల మీద తిప్పతీగ, అన్నీ ఆ గట్ల మీదనే మాకు పరిచయమయ్యాయి. విద్యార్థులు పదిమంది ఉంటే అందరికంటె చిన్నవాడిని ముందు నడిపించి, తాము చివర నడిచేవారు. “చిన్నవాడి అడుగే మనందరి అడుగు. వాడు ముందుంటే మనం తొందరపడలేము. వాడు వెనుక ఉంటే మన తొందర వాడికి రోగమవుతుంది” అనేవారు. పిల్లలతో బయలుదేరే ప్రతి కుటుంబమూ పాటించదగిన మొదటి నియమం ఇదే.

ఇక లెక్క చూడండి. బయలుదేరిన చోటికి మళ్ళీ రావాలి కదా! సగం బలం పోవడంలోనే ఖర్చయితే తిరిగి రావడంలో మిగిలిన సగమూ పోతుంది. కనుక పోవడంలో పావు, రావడంలో పావు, చేతిలో సగం మిగలాలి. మీ బిడ్డ మామూలు రోజున హాయిగా 4 కిలోమీటర్లు నడవగలిగితే 1 కిలోమీటరు దగ్గర వెనుదిరగాలి. ఆ శక్తి ఎంతో తెలుసుకోవడానికి యాత్రకు ముందు రెండు మూడు సాయంకాలాలు ఊళ్ళోనే నడిపించి చూడండి.

ఏ ఋతువులో ఏ విహారం?

హేమంత శిశిరాలలో మనిషి బలం ఉత్తమంగా, శరద్వసంతాలలో మధ్యమంగా, గ్రీష్మ వర్షర్తువులలో అల్పంగా ఉంటుంది. దీనిని అనుసరించి యాత్రను నిర్ణయించుకోవాలి.

కార్తీకం శరదృతువులో రెండవ మాసం. మేఘాలు తొలగి ఎండ తీక్షణమవుతుంది. వర్షాకాలంలో సంచితమైన పిత్తం అప్పుడు ప్రకోపిస్తుంది. కార్తీక వనభోజనానికి పెద్దలు ఉసిరి చెట్టు నీడను ఎన్నుకొనడంలో ఎంత ఔచిత్యం ఉన్నదో గమనించండి. ఉసిరిక పిత్తశమనం, నీడ పిత్తశమనం, చెట్టు కింద కూర్చుని మెల్లగా తినడమూ పిత్తశమనమే. వనభోజనం అంటే చెట్టు కింద గడిపే రోజు. మిట్టమధ్యాహ్నం మైదానంలో పరుగుపందేలు పెట్టే రోజు కాదు.

అయితే కార్తీకంలో మన సీమకు మరొక జాగ్రత్త తప్పనిసరి. దివిసీమను ఉప్పెన ముంచిన 1977 నవంబరు 19 కార్తీకంలోనే వచ్చింది. సుమారు 10,000 మంది ప్రాణాలు పోయాయి. ఆ వారం సముద్రం ఒడ్డున వనభోజనం చేయాలని విద్యార్థులమంతా ముచ్చటపడ్డాము. వాతావరణం బాగుండలేదని గురువుగారు వద్దన్నారు. మేము ముఖాలు ముడుచుకున్నాము. తరువాత వారం ఆయన వెంట మంచినీళ్ళ బిందెలు మోసుకుంటూ దివి గ్రామాలకు వెళ్ళినప్పుడు మాలో ఒక్కరికీ నోట మాట లేదు. ఇప్పుడు వాతావరణ శాఖ వారు రోజుల ముందే హెచ్చరిక ఇస్తున్నారు. బయలుదేరే ముందు రోజు రాత్రి, బయలుదేరే ఉదయం ఆ హెచ్చరికలు తప్పక చూడండి. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినబడితే సముద్రం, లంకలు, పడవలు వాయిదా వేయండి. కార్తీకం మళ్ళీ వస్తుంది.

మార్గశిరం నుంచి మాఘం వరకు నడకకు, సైకిలు విహారానికి శ్రేష్ఠమైన కాలం. మాఘ పౌర్ణమికి హంసలదీవి సాగరసంగమంలో స్నానాలకు అపారమైన జనం వస్తారు. ఆ రద్దీలోకి పిల్లలను తీసుకుపోయేవారు పేరు, తండ్రి ఫోను నంబరు రాసిన చీటీని బిడ్డ జేబులో పెట్టాలి.

గ్రీష్మంలో బలం అత్యల్పం. బడి సెలవులు వచ్చేది మాత్రం అప్పుడే. కనుక వేసవిలో సూర్యోదయం నుంచి 9 గంటల వరకు, తిరిగి సాయంత్రం 4.30 తరువాత మాత్రమే బయట ఉండాలి. రోహిణి కార్తెలో అదీ వద్దు. వర్షర్తువులో జఠరాగ్ని మందగిస్తుంది, గట్లు జారుతాయి, పాములు పుట్టలు విడిచి మెరకకు వస్తాయి. ఆ కాలంలో దేవాలయ దర్శనాలు, ఘంటసాల బౌద్ధ శిల్పాల ప్రదర్శనశాల వంటి నీడపట్టు విహారాలు మేలు.

గట్ల మీద నడక, సైకిలు

మన డెల్టాలో కొండలు లేవు. కొండలకు బదులు గట్లు ఉన్నాయి. కృష్ణ కరకట్ట, బందరు కాలువ గట్టు, గుడివాడ చుట్టుపక్కల కాలువకట్టలు ఎత్తుపల్లాలు లేని చక్కని దారులు. గుండె మీద భారం పడకుండా పిల్లలు దూరం నడవగలరు. ఘంటసాల స్తూపం, శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు ఆలయం, కూచిపూడి, మొవ్వ పరిసరాలలోనే ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క రోజుగా పెట్టుకోండి. ఒకే రోజు అన్నీ చుట్టిరావాలనుకోవడం పెద్దల ఆశ. పిల్లలకు రెండవ గుడి దగ్గరే ఆసక్తి తీరుతుంది.

సైకిలు తొక్కేవారు గాలిని గమనించాలి. తీరప్రాంతంలో ఉదయం పూట గాలి సాధారణంగా నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం నుంచి నేల వైపు వీస్తుంది. కనుక బందరు నుంచి మంగినపూడి వైపు తెల్లవారుజామునే వెళ్ళి, పొద్దువాలిన తరువాత తిరిగి వస్తే రెండు సార్లూ గాలి వెన్నుదన్నుగా ఉంటుంది. నడుమ ఎండ వేళ నీడన గడపాలి. ఎదురుగాలిలో తొక్కే 3 కిలోమీటర్లు పిల్లవాడికి 6 కిలోమీటర్ల పెట్టు.

కాలువగట్టు మీద పిల్లల సైకిలు ఎల్లప్పుడూ నీటికి దూరంగా ఉన్న పక్కన సాగాలి. కాలువ నీరు నిలకడగా కనబడినా అడుగున లాగుతుంది, పక్కలు పాకుడు పట్టి జారుతాయి. చెప్పులు కాక బూట్లు వేయండి. పల్లేరు ముళ్ళు, ముత్యపుచిప్పల ముక్కలు లేత పాదాలను గాయపరుస్తాయి.

పడవ, సముద్రం

నాగాయలంక రేవులో కృష్ణానది విశాలంగా, శాంతంగా కనబడుతుంది. అక్కడి నుంచి దిగువకు మడ అడవులు ఆరంభమవుతాయి. కృష్ణా అభయారణ్యంలో భాగమైన ఆ అడవులలో బావురుపిల్లి నివసిస్తున్నది. చేపలను వేటాడే ఆ పిల్లి సంగతి చెబితే పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకొని వింటారు. అయితే ఆ అడవిలో చెట్లను ముట్టుకోనివ్వకండి. తిల్ల అనే చెట్టు ఆకు తుంచితే తెల్లని పాలు కారతాయి. అవి కంట్లో పడితే తీవ్రమైన మంట పుట్టి చూపుకే ప్రమాదం. పొరపాటున పడితే మంచినీటితో 15 నిమిషాలకు తక్కువ కాకుండా కడిగి, నేత్రవైద్యుని వద్దకు తీసుకుపోవాలి. కంట్లో ఏ ఆకురసమూ వేయరాదు.

పడవ విషయంలో ఆటుపోటులను మరువరాదు. ఆటు వేళ దిగువకు పోవడం సుఖం, రావడం కష్టం. ఆటు మళ్ళీ పోటుగా మారడానికి సుమారు 6 గంటలు పడుతుంది. “తిరిగి రావడానికి నీరు ఎప్పుడు అనుకూలిస్తుంది?” అని పడవవానిని ముందే అడగండి. జవాబు చెప్పలేని పడవవాని పడవ ఎక్కవద్దు. ప్రతి బిడ్డకూ ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ ఉండాలి. అది పడవలో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి. 2017 నవంబరు 12న, కార్తీక మాసపు ఆదివారం నాడు, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో విహారపు పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. వారూ మనవలెనే సంతోషంగా బయలుదేరినవారే. పడవ నిండితే తరువాతి పడవ కోసం వేచి ఉండడంలో నష్టమేమీ లేదు.

మంగినపూడిలో నేల నల్లమట్టి, నీరు చాలా దూరం లోతు లేనట్లు కనబడుతుంది. ఆ లోతులేనితనమే మనలను మోసపుచ్చుతుంది. పిల్లవాడు మోకాటి లోతులో ఉన్నప్పుడు పెద్దవారు చేయి చాస్తే అందేంత దగ్గరలో, సముద్రం వైపున నిలబడాలి. ఒడ్డున కూర్చుని చూడడం కాపలా కాదు. సాగరసంగమం వద్ద నది, సముద్రం రెండు వైపులా లాగుతాయి కనుక అక్కడ పిల్లలకు ఒడ్డున చెంబుతో స్నానమే క్షేమం.

రాత్రి బస

తోటలోగాని తీరంలోగాని రాత్రి బస చేసేవారు నేల మీద పడుకోరాదు. కట్లపాము రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. ఆ కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. మడతమంచం, దాని చుట్టూ పరుపు కిందికి దోపిన దోమతెర, చేతికందేటట్లు టార్చిలైటు, ఈ మూడూ లేనిదే బస వద్దు. ఉదయం బూట్లు దులిపి తొడుక్కోవాలి.

ఆపరాని వేగాలు

ఆయుర్వేదం 13 వేగాలను ఆపరాదని చెప్పింది. మలమూత్రాలు, ఆకలి, దప్పిక, నిద్ర, వాంతి, తుమ్ము, ఆవులింత, కన్నీరు, శ్రమవలన వచ్చే ఆయాసం మొదలైనవి వాటిలోనివి. విహారయాత్రలో పిల్లలకు మనం చెప్పే మాటలు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. “కాసేపు ఆపుకో, ఊరు వస్తుంది.” “ఇప్పుడే నీళ్ళేమిటి, భోజనం అయ్యాక తాగు.” “నిద్రపోకు, పక్షులు కనబడతాయి.” “ఏడవకు.” ఒక్క రోజులో ఐదారు వేగాలను ఆపిస్తాము!

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. దారిలో మరుగు దొరకదని తల్లులే వారిని నీళ్ళు తాగవద్దంటారు. ఆ పిల్లలు రెండు రోజుల తరువాత మూత్రంలో మంట, జ్వరంతో నా వద్దకు వస్తారు. దీనికి మందు నీళ్ళు మానడం కాదు. బస్సు స్టాండు, దేవస్థానం, బంధువుల ఇల్లు, ఎక్కడ ఆగవచ్చునో ముందే నిర్ణయించుకొనడమే. గంటన్నరకొకసారి బండి ఆపండి.

వెంట తీసుకుపోవలసిన ఆహారం

బయలుదేరే ఉదయం కడుపు నిండుగా కాక, ఖాళీగా కాక, ఇడ్లీ వంటి తేలిక ఆహారం పెట్టాలి. మధ్యాహ్నానికి పులిహోర బాగా నిలుస్తుంది. దద్దోజనం చలవే కాని ఎండలో త్వరగా పులుస్తుంది, కనుక ఉదయమే తినివేయాలి. అటుకులు, బెల్లం, చిమ్మిలి, అరటిపండ్లు శ్రమను తీరుస్తాయి. బందరు లడ్డు రుచికి సాటిలేనిది, జీర్ణానికి గురువు. పడవ ఎక్కబోయే పిల్లవాడికి రెండు లడ్లు పెట్టడం వాంతిని పిలవడమే. తిరుగు ప్రయాణంలో ఒకటి పెట్టండి. వేరుశనగపప్పు, పేలాలు ఐదేళ్ళలోపు పిల్లలకు కదిలే బండిలో పెట్టరాదు, గొంతుకు అడ్డం పడతాయి.

పానీయాలలో కాచి చల్లార్చిన నీరు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, లేత కొబ్బరినీరు, శొంఠి ఏలకులు వేసిన బెల్లపు పానకం శ్రేష్ఠం. బిడ్డ అడిగేదాకా ఆగక ప్రతి 20 నిమిషాలకు నాలుగు గుక్కలు తాగించాలి. ఆటలో పడిన పిల్లలు దప్పికను మరచిపోతారు.

నేను చేసిన పొరపాటు

2019 మే నెలలో మా అమ్మాయి పిల్లలను తీసుకొని సెలవులకు వచ్చింది. ఏడేళ్ళ మనవడికి సముద్రం చూపించాలని మంగినపూడి బయలుదేరాము. ఆరు గంటలకు బయలుదేరవలసినవారము బంధువుల కోసం ఆగి, తీరం చేరేసరికి పది దాటింది. అప్పుడే వెనుదిరగవలసినది. అంతమంది ఉత్సాహాన్ని కాదనలేకపోయాను.

మనవడు పెద్దపిల్లలతో సమానంగా పరుగెత్తాడు. మధ్యలో వచ్చి “తాతయ్యా, దాహం” అన్నాడు. సామానులన్నీ సరుగుడు తోటలో ఉన్నాయి. “కాసేపు ఆగు, అన్నం దగ్గర తాగుదువు గాని” అన్నాను. మరికొంతసేపటికి “తాతయ్యా, ఇంటికి పోదాం” అన్నాడు. “వచ్చిందే ఇప్పుడు కదరా” అన్నాను. ఒంటి గంట ప్రాంతంలో వాడు చెట్టు కింద ఒరిగిపోయాడు. వాంతి చేసుకున్నాడు. పిలిస్తే పొంతనలేని మాటలు చెప్పాడు. ఒళ్ళు పెనంలా కాలుతున్నది.

మా అమ్మాయి నీళ్ళ బిందె ఎత్తింది. నేను ఆమె చేయి పట్టుకొని ఆపాను. ఎండనపడి వచ్చినవాడి ఒంటి మీద వెంటనే చన్నీరు పోయరాదని చిన్నప్పటినుంచీ వల్లెవేసిన నియమం నా నోట వచ్చింది. అక్కడ చేపలు ఎండబెట్టుకుంటున్న ఒక పెద్దావిడ అది చూసి పరుగున వచ్చింది. “బాబుగారూ, పిల్లాడు కాలిపోతన్నాడు. ముందు నీళ్ళు పొయ్యండి, ఆ పైన మీ ఇష్టం” అని మా అమ్మాయి చేతిలోని బిందె తీసుకొని వాడిని తల నుంచి కాళ్ళ వరకు తడిపింది. తన పాత చీర తడిపి వాడికి చుట్టింది. ఆటోలో బందరు ఆసుపత్రికి చేరేవరకు మేము ఆ చీరను తడుపుతూనే, విసురుతూనే ఉన్నాము.

రెండు రోజులకు వాడు లేచి ఇడ్లీ అడిగాడు. “వెంటనే తడిపారు, అదే బిడ్డను కాపాడింది” అని డాక్టరుగారు నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు చెందినది కాదని చెప్పడానికి నాకు ఒక నిమిషం పట్టింది. ఆమె ఎవరో తెలుసుకొని నమస్కరించి వద్దామని తరువాత మంగినపూడి వెళ్ళాను. ఆమె నన్ను గుర్తుపట్టి, “పిల్లాడెలా ఉన్నాడు?” అని మాత్రం అడిగింది.

ఇంటికి వచ్చి గ్రంథం తెరిచాను. ఎండనుంచి వచ్చినవాడు వెంటనే చన్నీట దిగరాదన్న నియమం ఆరోగ్యవంతుడికి చెప్పిన దినచర్య. దేహం దహిస్తూ తెలివి తప్పుతున్నవాడికి అది వర్తించదు. అక్కడ శీతోపచారమే ప్రాణరక్ష. శాస్త్రంలో తప్పులేదు. దానిని ఎక్కడ నిలపాలో తెలియక తప్పు చేసినది నేను. ఋతువు తప్పాను, దప్పికను ఆపాను, చిన్నవాడి అడుగును పెద్దల అడుగుకు కట్టాను. గురువుగారు నేర్పిన మూడూ ఒక్క పూటలో మరచాను.

ఇంటివైద్యం ఆగవలసిన చోటు

ఈ పత్రికలో గృహవైద్యం గురించి ఎంతో రాస్తాము. గృహవైద్యానికి హద్దు తెలియడమూ వైద్యమే. ఈ క్రింది మూడు సందర్భాలలో వంటింటి మందులు వద్దు. 108కు ఫోను చేయండి.

1. వడదెబ్బ: ఒళ్ళు విపరీతంగా కాలడం, మాట తడబడడం, మగత, మూర్ఛ. చెమట ఆగినా ఆగకపోయినా ప్రమాదమే. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి విసరాలి. మెడ, చంకలు, గజ్జల వద్ద తడిగుడ్డలు ఉంచాలి. పూర్తి తెలివి లేని బిడ్డ నోట్లో నీరు కూడా పోయరాదు.

2. పాముకాటు: 2018 వర్షాకాలంలో దివిసీమలో పాముకాట్లు ఎంతగా పెరిగాయో అక్కడివారు మరువలేదు. కరిచిన చోట కోయరాదు, నోటితో పీల్చరాదు, తాడుతో బిగించరాదు, ఆకుపసరు పోయరాదు. కాలిపట్టీలు, ఉంగరాలు తీసివేసి, ఆ కాలు లేక చేయి కదలకుండా కర్రబద్దతో వదులుగా కట్టి, బిడ్డను నడిపించకుండా ఎత్తుకొని ఆసుపత్రికి పోవాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర విషాలకు అక్కడ ఇచ్చే యాంటీ వీనం సూదిమందే విరుగుడు. అరవై ఏళ్ళు దాటిన వైద్యుడిగా చెబుతున్నాను, దీనికి నా పెట్టెలో మందు లేదు.

3. నీట మునగడం: ఈత రానివారు నీటిలోకి దూకక తాడు, ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, చీర విసరాలి. బయటికి తీసిన బిడ్డను తలక్రిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం వద్దు. శ్వాస లేకపోతే వెంటనే నోటితో శ్వాస అందిస్తూ, రొమ్ము నడుమ ఒత్తుతూ ఉండాలి. ఈ విధానాన్ని ఇంట్లో ఒక్కరైనా ముందే నేర్చుకొని ఉండాలి. బిడ్డ తేరుకున్నట్లు కనబడినా ఆసుపత్రికి చూపించాలి.

ప్రయాణపు సంచి

చిన్నపాటి ఇబ్బందులకు ఈ వస్తువులు చాలు.

– ప్రయాణపు వాంతికి: చిన్న అల్లం ముక్క ఉప్పుతో నమలడం, లేదా కొంచెం అల్లం మురబ్బా. బిడ్డను బండి ముందుభాగంలో కూర్చోబెట్టి దూరంగా చూడమనాలి.

– విరేచనాలకు: 1 లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. చెంచాలు తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే హాని. రక్తం పడినా, బిడ్డ మగతగా ఉన్నా వైద్యునికి చూపాలి.

– గీరుకున్న గాయాలకు: మంచినీటితో, సబ్బుతో శుభ్రంగా కడగడమే మొదటి మందు. పైపై గీతలకు పసుపు చాలు. ముల్లు, గవ్వ లోతుగా దిగితే, మట్టి చేరితే ధనుర్వాతం సూది విషయం వైద్యుని అడగాలి.

– దోమలకు: పొడుగు చేతుల చొక్కా ఉత్తమం. 1 వంతు వేపనూనె, 10 వంతుల కొబ్బరినూనె కలిపి కాళ్ళకు రాయవచ్చు. రెండేళ్ళలోపు పిల్లలకు వద్దు. వేపనూనె, కర్పూరం కడుపులోకి పోతే పిల్లలకు విషతుల్యం, కనుక సీసా వారికి అందకూడదు.

– అలసటకు: ఇంటికి రాగానే గోరువెచ్చని నువ్వులనూనె పిక్కలకు, అరికాళ్ళకు మర్దన చేసి, వేడినీటి స్నానం చేయించి, మెత్తని చారన్నం పెట్టి పడుకోబెట్టాలి. ఆ రాత్రి నిద్రను బట్టి యాత్ర ఎలా జరిగిందో తెలుస్తుంది. హాయిగా నిద్రించి ఉదయం “మళ్ళీ ఎప్పుడు వెళదాం?” అని అడిగితే అర్ధశక్తి నియమం నెరవేరినట్లే. కాళ్ళు నొప్పులని కలవరిస్తే హద్దు దాటినట్లు.

మా మనవడికి ఇప్పుడు మీసాల నూగు వస్తున్నది. ప్రతి మాఘంలోను వాడు, నేను కరకట్ట మీద నడుస్తాము. ఇప్పుడు మా ఇద్దరిలో త్వరగా అలసిపోయేది నేను. అందుచేత వాడు నన్ను ముందు నడవమంటాడు. నేను ఆగిన చోట తానూ ఆగి, నీళ్ళ సీసా అందించి, “ఇక తిరుగుదామా తాతయ్యా?” అంటాడు. ఇంకా కొంత దూరం పోగలననిపిస్తుంది. అయినా తిరుగుతాను.